ఎర్ర మేడం చెప్పిన మాట

ఆ పొద్దున కాఫీ అతను పెట్టాడు. పెళ్ళయ్యాక అతను వంటింట్లోకి వచ్చి, పాలగిన్నె ఎక్కడుందని కేకేయకుండా తనే వెతుక్కోవడం ఆమె చూసింది అదే మొదలు. ఆమె సింకు దగ్గర నిలబడి గోళ్ళ సందుల్లో పట్టిన మరక తోముకుంటోంది. టమాటా ఆకు తగిలితే ముందు పచ్చగా అంటుకుని, తర్వాత నల్లబడి, ఏ సబ్బుకీ లొంగని మరక అది. కోతల కాలమంతా ఆమె వేళ్ళ మీదే కాపురం ఉంటుంది. "ఆ చేతులతో పిండి తడపకు తల్లీ, చూస్తే కడుపులో తిప్పుతుంది" అని అత్తగారు మొదటి ఏడే చెప్పేసింది. పిండి తడపడం మానమని మాత్రం అనలేదు. అందుకని ఆమె ముందు చేతులు తోముకుని, తర్వాత పిండి తడిపి, ఆ తర్వాత తోటలకి వెళ్ళి మళ్ళీ అదే మరక అంటించుకొస్తుంది.

"కూర్చో. వేడిగా ఉండగానే తాగు" అన్నాడు. కప్పు బల్ల మీద పెట్టి, ఎదురు కుర్చీ లాక్కుని తనూ కూర్చున్నాడు.

కాఫీ బాగుంది. చక్కెర ఆమెకి ఎంత కావాలో సరిగ్గా అంతే ఉంది. అంటే ఇన్నేళ్ళూ అతనికి తెలుసన్నమాట. తెలిసీ ఒక్కనాడూ ఆ చెంచా పట్టుకోలేదన్నమాట. దానికి సంతోషించాలో ఏడవాలో తేల్చుకోలేక ఆమె, "ఏం కావాలి?" అని మాత్రం అడిగింది.

"ఏం కావాలంటావేంటి? పెళ్ళానికి కాఫీ కూడా పెట్టకూడదా?" అని నవ్వాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. "బాయిలర్ పోయింది" అన్నాడు.

ఫ్యాక్టరీలో బాయిలర్ పోవడమంటే ఏమిటో ఆమెకి వివరించక్కర్లేదు. టమాటాల్ని ఉడికించేదీ, గుజ్జుని చిక్కబరిచి పేస్టు చేసేదీ అంతా ఆ ఆవిరే. ఆవిరి లేకపోతే అంత పెద్ద ఫ్యాక్టరీ ఉత్త రేకుల షెడ్డు. ప్రొడక్షన్ మేనేజరు అతనే. సీజన్ మొదలయ్యే ముందు బాయిలర్ మేస్త్రీ గొట్టాలు అరిగిపోయాయనీ, మార్చాలనీ చెప్పాడు. "ఈ సీజన్ లాగించేద్దాం, ఒక్కరోజు కూడా ఆపకుండా నడిపామంటే పైవాళ్ళ దగ్గర మన లెక్కే వేరు" అని అతను భోజనాల బల్ల దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. అప్పుడు వడ్డిస్తున్నది ఆమే.

"ఎప్పుడు?"

"నిన్న మధ్యాహ్నం. కొత్త గొట్టాలు రావాలి, బిగించాలి. ఎంత తొందరపెట్టినా వారంలోపు కాదు."

"మరి లారీలు?"

"అదే" అన్నాడు, కప్పు అంచు మీద వేలు తిప్పుతూ. "రాత్రి నుంచి యార్డులో నిలబడి ఉన్నాయి. మనం కోయమన్నాం కాబట్టి కోశారు. కోయమన్నాక ఫ్యాక్టరీ నడవకపోతే ఆ నష్టం కంపెనీది, ఒప్పందంలోనే ఉంది. అప్పుడు ఎందుకు నడవలేదని అడుగుతారు. ఎవరు బాయిలర్ చూసుకోలేదని అడుగుతారు. అదే సరుకు బాగాలేదనుకో, వెనక్కి తీసుకుపోవాల్సింది రైతే."

ఆమెకి అర్థమైంది. అర్థమైనా అతని నోటితోనే వినాలనిపించి ఊరుకుంది.

"నువ్వు వెళ్ళి పళ్ళు చూసి, బూజు మచ్చ ఉంది, తీసుకోలేమని చెప్పాలి. నువ్వు చెప్తే వింటారు."

"పళ్ళు బాగున్నాయి. మొన్న సాళ్ళలో తిరిగి చూసొచ్చింది నేనే. నేను కోయమంటేనే కోశారు."

"ఇవాళంతా ఎండలో నిలబడితే ఎలాగూ పాడవుతాయి కదా. సాయంత్రానికి నువ్వు చెప్పింది నిజమే అవుతుంది. ఇందులో అబద్ధం ఎక్కడుంది?"

గుమ్మం దగ్గర అత్తగారు ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. "వాడి ఉద్యోగం పోతే పాప చదువేంకాను? నోటిమాటే కదా తల్లీ, నీ సొమ్మేం పోతుంది?" అంది. అని, కాఫీ కప్పుల వైపు చూసి, కొడుకు పెట్టాడని గ్రహించి మొహం చిన్నబుచ్చుకుంది.

నోటిమాటే. ఆ ఇంట్లో ఆమె చేసిన పనుల్లో లెక్కలోకి రాని పని అదొకటి. మామగారు బతికుండగా ఆయన చూపు మందగించింది, ఇక స్కూటర్ నడపొద్దని ఎవరైనా చెప్పాలి. కొడుకు చెప్పలేదు, ఆయన భార్యా చెప్పలేదు. "నువ్వు చెప్పమ్మా, నువ్వు నెమ్మదిగా చెప్తావు" అన్నారు. ఆమె చెప్పింది. ఆ పెద్దాయన తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, చనిపోయేదాకా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆడపడుచు పిల్లలతో వచ్చి నెలలు గడిచినా కదలకపోతే, ఇక వెళ్ళమని చెప్పింది ఆమే. ఆడపడుచుకి ఈ రోజుకీ అన్నయ్య దేవుడు, వదిన రాక్షసి. పక్కింటి వాళ్ళ నీళ్ళు మన గోడ మీద పడుతున్నాయనీ, టీచరు పాప మీద అరుస్తోందనీ, పనిమనిషిని రేపటి నుంచి రావద్దనీ చెప్పిందంతా ఆమే. నువ్వు చెప్తే వింటారు అనేది ఆమెకి ఆ ఇల్లు ఇచ్చిన ఒకే ఒక్క బిరుదు. చాలాకాలం దాన్ని ఆమె గౌరవమనే అనుకుంది.

భార్యాభర్తలిద్దరూ ఒకే కాలేజీలో, ఒకే క్లాసులో చదువుకున్నారు. మార్కులు ఆమెవే ఎక్కువ. ఆ మాట పెళ్ళికి ముందు అతనే అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఫ్యాక్టరీ ల్యాబులో ముందు చేరింది ఆమె. ఖాళీ ఉందని చెప్పి అతన్ని పిలిపించిందీ ఆమే. పాప పుట్టాక, ఇద్దరూ షిఫ్టులు చేస్తే ఇల్లెవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. ప్రశ్న ఇద్దరి ముందూ పెట్టారు గానీ జవాబు ఆమె ఒక్కతే చెప్పాల్సొచ్చింది. ల్యాబు వదిలేసి, రైతుల వెంట తిరిగే ఉద్యోగంలోకి మారింది. ఏ పండు కోయాలో, ఏది ఉంచాలో, ఎప్పుడు నీళ్ళు ఆపాలో చెప్పి, ఫ్యాక్టరీకి మంచి సరుకు వచ్చేలా చూడటం ఆ పని. ఫ్యాక్టరీలో దాన్ని ఎవరూ పెద్ద ఉద్యోగం అనుకోరు. "నీకు వీలుగా ఉంటుంది, పాప బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండొచ్చు" అన్నాడు అతను. కాలేజీలో ఆమె ఒరేయ్ అని పిలిచిన మనిషి. పెళ్ళైన కొత్తలో ఆమె 'నువ్వు' అంటే అత్తగారు చేతిలో గిన్నె కింద పెట్టి, "మొగుణ్ణి ఏకవచనంలో పిలిస్తే విన్నవాళ్ళు మమ్మల్నేమనుకుంటారు?" అంది. అప్పటి నుంచి హాల్లో 'మీరు', గదిలో 'నువ్వు'. గదిలో కూడా 'మీరు' ఎప్పుడైపోయిందో ఆమెకి గుర్తులేదు.

తోటల్లో మాత్రం ఆమె వేరే మనిషి. అక్కడ ఆమె పేరు ఎర్ర మేడం. ఎర్రగా పండితేనే కోయండి, దోరవి వద్దు, తొడిమలు వద్దు, తడిగా ఉన్నప్పుడు వద్దు అని చెప్పీ చెప్పీ తెచ్చుకున్న పేరు. "ఎర్రజెండా ఎప్పుడు పడుతున్నారు మేడం?" అని మగవాళ్ళు ఎగతాళి చేసేవారు. మొదటి ఏడు ఆమె పద్ధతిగా మీటింగులు పెట్టింది. మగవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చుని, టీ తాగి, అన్నిటికీ తలలూపి వెళ్ళిపోయారు. లోడ్లు మాత్రం దోరకాయలతో, ఆకులతో, మట్టితో వచ్చాయి. మీటింగుకి వచ్చేవాళ్ళు కోయరు, కోసేవాళ్ళని మీటింగుకి ఎవరూ పిలవరు అన్న సంగతి ఆమెకి అప్పుడు తెలిసింది. మర్నాటి నుంచి చీర కుచ్చిళ్ళు దోపుకుని సాళ్ళలోకి దిగింది. ఆడవాళ్ళ పక్కన వంగి, వాళ్ళతో పాటు కోస్తూ, క్రేటు అంచుదాకా నింపితే అడుగువి ఎలా నలిగిపోతాయో వాళ్ళ చేతే అడుగు పండు తీయించి చూపించింది. నడుం నొప్పుల గురించీ, కోడళ్ళ గురించీ, మొగుళ్ళ గురించీ మాట్లాడుకుంటూ కోశారు. ఇంట్లో ఎవరూ ఆమెని అడగని మాట, తిన్నావా అన్న మాట, అక్కడ అడిగారు.

ఆ ఆడవాళ్ళలో పెద్దక్క అనే ఆమె ఉంది. ముగ్గురు తోడికోడళ్ళలో పెద్దది కాబట్టి ఊరంతటికీ పెద్దక్కే. ముందు మేడం, మీరు అనేది. ఒకరోజు వర్షంలో ఇద్దరూ తడిసిన క్రేట్లు మోసి పాకలో పెట్టాక, "పిల్లా, ఆ జుట్టు తుడుచుకో, జలుబు చేస్తుంది" అంది. అప్పటి నుంచి పిల్లే.

ఈ ఏడు పెద్దక్క తన భర్తతో, మరుదులతో పోట్లాడి పొలం మొత్తం టమాటా వేయించింది. వాళ్ళు ఒక మూల వేసి చూద్దామన్నారు. "ఎర్రగా పంపితే వెనక్కి పోనివ్వనని మేడం మాటిచ్చింది" అని పెద్దక్క పట్టుబట్టింది. ఆ సంగతి చెబుతూ పెద్దక్క, "మా ఇంట్లో నా మాట మీద ఒక పని జరగడం ఇదే మొదలు పిల్లా. మా ఆయన నన్నడిగి ఎరువు తెస్తున్నాడు, నమ్ముతావా?" అని సాలు మధ్యలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొంగు జారి, దంతాలు లేని చోటు కూడా అందంగా కనిపించింది ఆమెకి.

యార్డుకి వెళ్ళేదారిలో స్కూటర్ మీద ఆమె నిజమే చెప్పాలనుకుంది. చెప్పి తీరాలనుకుంది. బాయిలర్ పోయింది, మీ పళ్ళు బాగున్నాయి, కంపెనీ మీకు సమాధానం చెప్పాలి. మూడు ముక్కలు. పెదాలు కదిపి అనుకుంటూ వెళ్ళింది. ఎదురుగాలికి కళ్ళు నీళ్ళు కారుతుంటే తుడుచుకుంటూ మళ్ళీ అనుకుంది.

యార్డు గేటు దాటి రోడ్డు మలుపు దాకా లారీలు ఉన్నాయి. మొదటి లారీ పెద్దక్క వాళ్ళది. లారీ నీడలో పెద్దక్క, ఆమె భర్త, చిన్న మరిది కూర్చుని ఉన్నారు. ఆమెని చూడగానే పెద్దక్క లేచింది. "రా పిల్లా. రాత్రంతా ఇక్కడే ఉన్నాం. చూసుకో. ఒక్క దోరది కనబడితే నా పేరు మార్చెయ్."

యార్డు సూపర్‌వైజరు రెండు క్రేట్లు దించి ఆమె ముందు పెట్టాడు. అలవాటుగా ఆమె పైవి తీసి పక్కన పెట్టి, అడుగు నుంచి ఒక పండు తీసింది. కోసింది. రసం చుక్కని చిక్కదనం చూసే పరికరం అద్దం మీద వేసి, కంటి దగ్గర పెట్టుకుని వెలుతురు వైపు తిరిగింది. ఆ సీజన్‌లో అంత మంచి రసం చూడలేదు. తొడిమ లేదు, మట్టి లేదు, లోపల తెల్లగీత లేదు. ఆ పండు వెనక ఆమె అన్నేళ్ళు చెప్పిన ప్రతి మాటా ఉంది. వాళ్ళు వంచిన ప్రతి నడుమూ ఉంది. పరికరం కంటి మీంచి దించితే పెద్దక్క మొహం చూడాలి. అందుకని ఆమె దాన్ని దించకుండా చాలాసేపు అలాగే పట్టుకుంది.

తర్వాత నోరు తెరిచింది. దారంతా అనుకున్న మూడు ముక్కలూ ఎక్కడికి పోయాయో, వచ్చింది అతని మాట.

"పెద్దక్కా, ఈ లోడు తీసుకోలేం. బూజు మచ్చ ఎక్కువుంది."

గొంతు వణకలేదు. మామగారికి స్కూటర్ సంగతి చెప్పిన గొంతే. నెమ్మదిగా, మర్యాదగా, ఎదుటివాళ్ళ బాధ తనకి తెలుసన్నట్టు ఉండే గొంతు. ఆ గొంతు వినబడగానే ఆమెకి తన మీదే అసహ్యం వేసింది. ఎవరిదో వస్తువు తన లోపల పెట్టి ఉంచారనీ, వాళ్ళకి కావాల్సినప్పుడల్లా తీసి వాడుకుంటున్నారనీ అనిపించింది.

పెద్దక్క భర్త లేచాడు. "మచ్చా? ఏదీ, చూపించండి." అతనే ఒక క్రేటు ఎత్తి సిమెంటు నేల మీద బోర్లించాడు. పళ్ళు దొర్లుకుంటూ ఆమె చెప్పుల దాకా వచ్చాయి. అన్నీ ఎర్రగా, నున్నగా ఉన్నాయి. "చూపించండి మేడం. ఒక్కటి చూపించండి చాలు."

"మేడం చూశారు కదయ్యా. ఆవిడకన్నా నీకెక్కువ తెలుసా?" అన్నాడు సూపర్‌వైజరు.

 పెద్దక్క ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. ఏదో అడుగుతున్నట్టు, అడిగి ఆగినట్టు, జవాబు కోసం ఇంకొంచెం సమయం ఇస్తున్నట్టు చూసింది. ఆమె కళ్ళు దించేసుకుంది.

"మేడం చెప్పింది కదా. పదండి" అంది పెద్దక్క.

"ఏంటి పదండి? నీ మేడం నోట్లోంచి ఊడిపడితే..."

"పదండంటున్నానా!"

భర్త వెనక్కి తగ్గాడు. పెద్దక్క కింద కూర్చుని, దొర్లిపోయిన పళ్ళు ఒక్కొక్కటే ఏరి క్రేటులో వేసుకుంది. ఆమె కూడా వంగి ఒక పండు అందుకోబోయింది.

"వద్దు మేడం గారూ" అంది పెద్దక్క, తలెత్తకుండా. "మీరు లేవండి."

పెద్దక్క లోడే వెనక్కి పోయాక మిగతావాళ్ళెవరూ గొడవపడలేదు. ఎర్ర మేడం కాదందట అన్న మాట లారీ నుంచి లారీకి పాకిపోయింది. మధ్యాహ్నానికి యార్డు ఖాళీ. తిరిగి మోసుకుపోయి చేసేదేమీ లేక చాలామంది దారిలోనే గుమ్మరించేశారు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళేటప్పుడు రోడ్డు పక్క కాలవ పొడుగూతా ఎరుపు. లారీ చక్రాల కింద నలిగి, రోడ్డు మీద చర్మాలూ గింజలూ అతుక్కుని ఉన్నాయి. స్కూటర్ జారకుండా కాళ్ళు రెండూ కింద ఆనించి తోసుకుంటూ వెళ్ళింది. పులిసిన వాసన వారం రోజులు ఊళ్ళోనే ఉంది. "ఏంటీ కంపు?" అని అత్తగారు కిటికీలు మూయించింది.

అతను చాలా సంతోషించాడు. "నీవల్లే గండం గట్టెక్కాం. జనరల్ మేనేజరు కూడా అడిగాడు, అంత ప్రశాంతంగా ఎలా పంపించేశారని" అన్నాడు. మర్నాటి నుంచి వంటింట్లో అతని అలికిడి లేదు. బాయిలర్‌కి కొత్త గొట్టాలు వచ్చాయి, బిగించారు, ఆవిరి వచ్చింది, వేరే ఊళ్ళ నుంచి లారీలు వచ్చాయి. ఆమె తోటలకి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదంది. వెళ్ళక వేళ్ళ మీద మరక పలచబడింది. "ఇప్పుడు చూడు, చేతులు ఎంత శుభ్రంగా ఉన్నాయో" అని అత్తగారు మెచ్చుకుంది. ఆమె ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు కింద దాచుకుని కూర్చునేది.  ఇల్లంతా మామూలుగానే ఉంది. గిన్నెలు, ఉతికిన బట్టలు, పాప హోంవర్కు, అత్తగారి మాత్రలు, అతని ఇస్త్రీ చొక్కాలు. అన్నీ చేస్తూనే ఉంది. చేస్తున్నది ఎవరో తెలియలేదంతే. ఇన్నాళ్ళూ ఇంట్లో తను ఎవరూ కాకపోయినా తోటల్లో ఒక మనిషి ఉందన్న ధైర్యంతో బతికింది. ఇంట్లో ఎన్ని అన్నా, పొద్దున్నే స్కూటర్ తీసి ఆ మనిషి దగ్గరికి వెళ్ళిపోవచ్చు. ఆ మనిషిని తనే చేజేతులా యార్డులో దించి, వెనక్కి పంపేసింది.

చివరికి ఒకరోజు, పాపని బడిలో దించి, అటునుంచి అటే పెద్దక్క పొలానికి వెళ్ళింది. పొలంలో ట్రాక్టర్ తిరుగుతోంది. చెట్ల మీద పళ్ళు ఇంకా ఉండగానే దున్నేస్తున్నారు. చిన్న మరిది ట్రాక్టర్ మీద ఉన్నాడు. గట్టు మీద పెద్దక్క ఖాళీ క్రేట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి కడుతోంది.

"రండి మేడం గారూ" అంది. కూర్చోమని ఒక క్రేటు బోర్లించింది.

ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. బాయిలర్ పోయిందనీ, పళ్ళలో ఏ మచ్చా లేదనీ, తనకి తెలిసే అబద్ధం చెప్పిందనీ. ఆ రోజు దారంతా అనుకున్న మాటలు ఇప్పుడు తడబడకుండా వచ్చాయి. ఎవరికీ ఉపయోగం లేని సమయంలో నిజం ఎంత సులువుగా వస్తుందో అనుకుంది.

పెద్దక్క తాడు ముడి బిగించి తలెత్తింది. "తెలుసు మేడం గారూ. మా చిన్నకోడలు మీ ఫ్యాక్టరీలో బెల్టు మీద పళ్ళు ఏరే పనికే కదా వస్తుంది. ముందురోజు మధ్యాహ్నమే బాయిలర్ పోయిందని దాన్ని ఇంటికి పంపేశారు."

ఆమె ఒక అడుగు ముందుకేసింది. "తెలుసా? మరి అక్కడ... ఎందుకు అడగలేదు? అందరిలో నన్ను నిలదీయాల్సింది. పదండని ఎందుకన్నావు?"

"మీరు ఆ మాట అంటుంటే చూళ్ళేకపోయాను."

ట్రాక్టర్ గట్టు దాకా వచ్చి తిరిగింది. నలిగిన పళ్ళ వాసన గుప్పున కొట్టింది. 

"మీ ఆయనకి నేను చెప్తాను" అంది ఆమె. "ఊరందరి ముందూ చెప్తాను. తప్పు నీది కాదని, పంట బాగుందని..."

పెద్దక్క నవ్వింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. "ఆయనకి తెలీదా? ఒకే ఇల్లు కదా, కోడలు చెప్తుంటే పక్కనే ఉన్నాడు. ఆయనకి నిజం అక్కర్లేదు మేడం గారూ. నా మాట తప్పయింది, అది కావాలి. దొరికింది. ఇక నేను బతికినన్నాళ్ళూ ఏ పంట గురించి నోరెత్తినా, 'నీ టమాటాలు చూశాం కదా' అంటాడు. నిన్న పురుగుమందుల కొట్టుకి వెళ్ళేటప్పుడు నాతో ఒక్క మాట చెప్పలేదు. మళ్ళీ మామూలైపోయింది." మట్టి చేతులు చీరకి తుడుచుకుంది. "ఈ నాలుగు నెలలూ బాగుంది. అంతే."

ఏదైనా అనమన్నట్టు ఆమె అక్కడే నిలబడింది. తిట్టినా బాగుండేది. పెద్దక్క మాత్రం, "ఎండెక్కుతోంది, మీరు బయల్దేరండి" అని కట్టిన క్రేట్లు నెత్తిన పెట్టుకుని గట్టు దిగి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అతను పెందలాడే వచ్చాడు. అతను స్నానం చేసి, హాల్లో టీవీ ముందు కూర్చున్నాక ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"బాయిలర్ సంగతి పెద్దక్కకి చెప్పేశాను."

"ఊఁ" అన్నాడు. ఆమె పక్కనుంచి తెర కనబడేలా కొంచెం జరిగాడు.

"వాళ్ళకి ముందే తెలుసు."

"తెలీకుండా ఎలా ఉంటుంది? బెల్టు మీద పనిచేసేవాళ్ళంతా ఆ ఊళ్ళవాళ్ళే కదా."

 "వాళ్ళకి తెలుసని నీకు తెలుసా?" అంది. 'నీకు' అన్నానని ఆమె గమనించలేదు. పక్క సోఫాలో అత్తగారు గమనించింది.

"అబ్బా, వాళ్ళు నమ్మాలని ఎవరన్నారు?" అన్నాడు అతను, ఓపిగ్గా, చిన్నపిల్లకి లెక్క చెబుతున్నట్టు. "నమ్మక్కర్లేదు. గొడవ చేయకుండా వెళ్ళిపోవాలి, అంతే. నేను వెళ్ళి చెబితే గేటు విరగ్గొట్టేవాళ్ళు. నువ్వు చెబితే మొహమాటపడతారు. నీ మీద అభిమానం కదా వాళ్ళకి. అందుకే నిన్ను పంపాను." అది పొగడ్తే అనుకున్నాడు. పొగడ్తలాగే అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ఆగకుండా వెనక తలుపు తీసి, పెరటి మెట్ల మీద కూర్చుంది. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. తీగ మీద ఆరిన బట్టలున్నాయి, తీయాలి. తీయలేదు. ఇన్నేళ్ళూ తన మాటకి విలువుందని అనుకుంది. విలువ ఉన్నమాట నిజమే. దాన్ని కనిపెట్టింది మాత్రం అతను. తోటల్లో ఎండకి ఎండి, వానకి తడిసి, ఆడవాళ్ళ పక్కన వంగి వంగి తను కూడబెట్టుకున్న ప్రేమని అతను ఒక్క పొద్దున్న తీసి, వాడేసి, గిన్నె బోర్లించినట్టు బోర్లించేశాడు. ఆడపడుచు, మామగారు, వాళ్ళు కూడా అంతేనేమో. అందరికీ అన్నీ తెలుసేమో. మాట ఎవరిదో తెలిసే, మోసుకొచ్చిన తన మొహం చూసి ఊరుకున్నారేమో. ఇంతమంది మొహమాటాల మీద ఆ ఇల్లు అంత ప్రశాంతంగా నడిచిందేమో. ఇప్పుడు వెళ్ళి ఎవరికి చెప్పుకోవాలి? పొలం దున్నేశారు. పెద్దక్క ఇంట్లో పెద్దక్క మాట చచ్చిపోయింది. ల్యాబులో తన కుర్చీలో ఎవరో ఉన్నారు. వెనక్కి వెళ్ళడానికి ఎక్కడా ఏమీ లేదు.

వెనక తలుపు కిర్రుమంది. పాప. తొమ్మిదేళ్ళ పిల్ల, జడలు విప్పుకుని, ఒక చేతిలో పెన్సిలుతో మెట్ల దాకా వచ్చింది.

"అమ్మా, భోజనానికి రమ్మంటున్నాడు నాన్న. నాయనమ్మకి ఆకలేస్తోందట."

"వస్తాలే."

"ఇప్పుడే రావాలట. కోపంలో ఉన్నావంట కదా? నన్ను వెళ్ళమన్నాడు." పాప కళ్ళు మెరిశాయి. పెద్ద పని అప్పగించినప్పుడు మెరిసే మెరుపు. "నేను పిలిస్తే నువ్వు కాదనలేవంట."

ఆమె పాప మొహంలోకి చూసింది. ఎంత ముద్దుగా చెప్పింది. ఎంత నెమ్మదిగా, మర్యాదగా. ఆ చిన్న గొంతులో అప్పుడే ఆ మెత్తదనం వచ్చేసింది. ఇంకో పదేళ్ళకి ఈ పిల్ల ఎవరి మాట పట్టుకుని ఎవరి ముందు నిలబడుతుందో, ఎవరు దీని మొహం చూసి పాపం అనుకుని ఊరుకుంటారో ఆమెకి కనబడింది.

"ఇలా వచ్చి కూర్చో" అంది.

"నాన్నకి చెప్పొస్తానుండు, వస్తోందని."

"వద్దు. నువ్వేమీ చెప్పక్కర్లేదు. నాన్నకి నోరుంది, కాళ్ళున్నాయి. కావాలంటే ఆయనే వచ్చి అడుగుతాడు. ఇక నిన్ను ఎవరి మాటలూ మోయనివ్వను."

పాపకి అర్థం కాలేదు. అయినా పక్కన కూర్చుంది. మెట్టు చల్లగా ఉందని కాళ్ళు పైకి ముడుచుకుంది.

లోపల్నుంచి అతని గొంతు వినబడింది. "పాపా! అమ్మ ఏమంది?"

పాప చటుక్కున లేవబోయింది. ఆమె మణికట్టు పట్టుకుంది, గట్టిగా కాదు, ఉండమన్నట్టు.

"ఏమని చెప్పనమ్మా?" అంది పాప, గుసగుసగా.

"ఏమీ చెప్పకు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. అతను మళ్ళీ పిలిచాడు, ఈసారి గట్టిగా. పాప గుమ్మం వైపు చూసింది, తల్లి మొహం వైపు చూసింది. లేవలేదు.